మదీనా నుంచి కితాబులు తెచ్చిన ఉస్తాద్: హజ్రత్ అన్వారుల్లాహ్ ఫారూఖీ

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఒక పిల్లోడు హిఫ్జ్ పూర్తి చేసి, ఆలిమ్ చదువు కూడా చదువుతానంటే ఇంట్లో పెద్దవాళ్ల నోట మొదట వచ్చే పేర్లలో హైదరాబాద్ జామియా నిజామియా ఒకటి. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషువాళ్లకు వదిలేశాడు. దాంతో ఈ ఊళ్లు మద్రాసు లెక్కలోకి పోయాయి. అయినా దీనీ చదువుల దారి మాత్రం హైదరాబాద్ వైపు తెగిపోలేదు. ఆ జామియాను పెట్టినవారు షేఖుల్ ఇస్లాం హజ్రత్ మౌలానా మొహమ్మద్ అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మతుల్లాహి అలైహి). మదర్సా స్థాపకుడిగా, ఇద్దరు నిజాంల ఉస్తాద్‌గా ఆయన చాలామందికి తెలుసు. చేతిరాత కితాబుల కోసం ఆయన పడ్డ కష్టం తెలిసినవాళ్లు మాత్రం తక్కువే.

ఆయన హిజ్రీ 1264లో, అంటే 1848లో, నాందేడ్ దగ్గరి ఖంధార్‌లో పుట్టారు. ఇప్పుడది మహారాష్ట్రలో ఉంది, అప్పుడు నిజాం రాజ్యం. వాలిద్ ఖాజీ షుజావుద్దీన్ గారు న్యాయశాఖలో ఉద్యోగి, తసవ్వుఫ్ తెలిసిన మనిషి. ఏడేళ్లకు హిఫ్జ్ మొదలుపెట్టిన పిల్లవాడు పదకొండేళ్లకు హాఫిజ్ అయ్యాడు. తర్వాత ఫిఖ్హ్, మన్‌తిఖ్ ఫిరంగీ మహల్ ఉలమా అయిన మౌలానా అబ్దుల్ హలీమ్, ఆయన కుమారుడు మౌలానా అబ్దుల్ హై దగ్గర చదివారు. తఫ్సీర్, హదీస్ షేఖ్ అబ్దుల్లాహ్ యమనీ దగ్గర.

చదువు అయ్యాక మాల్‌గుజారీ శాఖలో, అదే రెవెన్యూలో, నౌకరీ దొరికింది. ఫైళ్లు చదివి వాటి సారాంశం రాయడం ఆయన పని. ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు వడ్డీ లావాదేవీకి సంబంధించిన ఫైలు బల్లమీదికి వచ్చింది. దాని సారాంశం ఆయనే రాయాలి. రాయలేదు, నౌకరీకి ఇస్తీఫా ఇచ్చేశారు. ఇంకో ఆదాయం సిద్ధంగా లేదు. కొద్దికాలానికే వాలిద్ ఇంతఖాల్ కూడా అయ్యారు. ఇల్లు గడవడం కష్టమైంది. అయినా మళ్లీ ఆ కచేరీ గుమ్మం ఎక్కలేదు.

1876లో కొందరు మిత్రులతో కలిసి మదర్సా మొదలుపెట్టారు. అదే జామియా నిజామియా. రెండేళ్లకు చిన్నవయసు నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు చదువు చెప్పే పని వచ్చింది. దర్బారుకు దగ్గరైనవాడు జాగీరు అడుగుతాడు, మన్సబ్ అడుగుతాడు. ఈయన సంపాదనలో పెద్ద భాగం మదర్సాకూ కితాబులకూ పోయింది.

ఆయన మూడుసార్లు హజ్ చేశారు. మొదటిసారి మక్కాలో హాజీ ఇమ్దాదుల్లాహ్ ముహాజిర్ మక్కీ చేతిమీద బైఅత్ అయ్యారు. 1857 పోరాటం తర్వాత హిందుస్తాన్ వదిలి మక్కా చేరిన బుజుర్గ్ ఆయన. మూడోసారి వెళ్లినప్పుడు, హిజ్రీ 1305లో, మదీనా మునవ్వరాలో దాదాపు మూడేళ్లు ఉండిపోయారు.

అప్పటి మదీనాలో ఉస్మానీ తుర్కుల పాలన. తుర్కులు అక్కడ మంచి కుతుబ్‌ఖానాలు కట్టించారు. సుల్తాన్ మహ్మూద్ పేరిట ఒకటి, ఇస్తాంబుల్ షేఖుల్ ఇస్లాం ఆరిఫ్ హిక్మత్ పేరిట ఇంకొకటి. తుర్కీ, అరబీ, ఫార్సీ చేతిరాత ప్రతులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరిన ఊరది. ఎన్నో పెద్ద హదీస్ గ్రంథాలు అప్పటికింకా అచ్చుకు రాలేదు. ప్రపంచంలో కొన్ని ప్రతులే ఉంటాయి. ఒక అగ్గి ప్రమాదం జరిగినా, ఒక చెదపుట్ట లేచినా కితాబు పోయినట్టే.

మౌలానా సొంత ఖర్చుతో నకళ్లు రాయించడం మొదలుపెట్టారు. ఇది వినడానికి తేలిక, చేయడానికి కాదు. కాతిబ్ రెల్లు కలంతో పేజీ తర్వాత పేజీ రాయాలి. తర్వాత ముఖాబలా, అంటే ఒకరు అసలు ప్రతి చదువుతుంటే ఇంకొకరు నకలు చూసి దిద్దడం. ఒక్క నుఖ్తా తప్పితే హదీస్ చెప్పిన రావీ పేరే మారిపోతుంది.

అలా వచ్చినవాటిలో పెద్దది కన్‌జుల్ ఉమ్మాల్. దాదాపు 46 వేల హదీసులున్న ఈ సంకలనాన్ని కూర్చినవారు బుర్హాన్‌పూర్‌కు చెందిన సూఫీ ఆలిమ్ షేఖ్ అలీ ముత్తఖీ. ఆయన 1567లో మక్కాలో ఇంతఖాల్ అయ్యారు. దక్కన్ పొరుగువాడు రాసిన కితాబు మూడు వందల ఏళ్ల తర్వాత మదీనా నుంచి దక్కన్‌కే తిరిగి రావడం అల్లాహ్ ఏర్పాటు కాక ఇంకేంటి! ఇంకొకటి జామిఉ మసానీద్, ఇమామె ఆజం అబూ హనీఫా రివాయతుల సంకలనం. మరొకటి అల్ జౌహరున్ నఖీ. ఇమామ్ బైహఖీ సుననె కుబ్రా మీద ఇబ్నుత్ తుర్క్‌మానీ రాసిన విమర్శ ఇది. హనఫీ మజ్‌హబ్‌కు హదీస్ ఆధారం తక్కువ అనే వాదన జోరుగా సాగుతున్న రోజులవి. ఈ రెండు కితాబులనూ ఆయన ఊరికే ఎంచుకోలేదని ఎవరికైనా అర్థమవుతుంది.

మదీనాలోనే అన్వారె అహ్మదీ రాశారు. రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఘనత, దరూద్, సలాం, అదబ్ గురించిన కితాబు అది. ముందు నజ్మ్‌గా రాసి, తర్వాత దాని షరహ్ వచనంలో రాశారు. ముర్షిద్ హాజీ ఇమ్దాదుల్లాహ్ దాన్ని మెచ్చుకున్నారు.

నకళ్లు పెట్టెలో పడి ఉంటే ఏం లాభం? ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, మౌలానా అన్వారుల్లాహ్ ఈ ముగ్గురి ఆలోచనతో 1888లో పుట్టిన దాయిరతుల్ మఆరిఫ్ ఆ పని అందుకుంది. కన్‌జుల్ ఉమ్మాల్ హిజ్రీ 1312 నుంచి అక్కడ అచ్చైంది. అల్ జౌహరున్ నఖీ 1316లో, జామిఉ మసానీద్ 1332లో వచ్చాయి. కైరో, దమిష్క్, ఇస్తాంబుల్ ఉలమా కూడా ఏళ్లకేళ్లు హైదరాబాద్ ప్రతుల మీదే ఆధారపడ్డారు. 1891లో మొదలైన కుతుబ్‌ఖానా ఆసఫియా వెనకా ఈ ముగ్గురే. అక్కడ చేరిన చేతిరాత ప్రతులు ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోని ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీలో ఉన్నాయి.

తిరిగొచ్చాక ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు, తర్వాత ఆయన పిల్లలకు కూడా చదువు చెప్పారు. రాజ్యం మొత్తానికి సద్రుస్ సుదూర్ అయ్యారు, మజ్‌హబీ వ్యవహారాల మంత్రి అయ్యారు, ఫజీలత్ జంగ్ బిరుదు వచ్చింది. నికాహ్ వివరాలు రాసే సియాహా పద్ధతిని గట్టిపరిచారు. మఖాసిదుల్ ఇస్లాం పదకొండు భాగాలుగా రాశారు. పదవుల గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సిన అవసరం లేదు. ఆయన రాత్రుల సంగతి చెప్పాలి.

పగలంతా కచేరీ, మదర్సా. రాత్రి శిష్యులతో ఫుతూహాతె మక్కియ్యా దర్స్. షేఖె అక్బర్ ఇబ్నె అరబీ మక్కాలో మొదలుపెట్టిన 560 అధ్యాయాల మహాగ్రంథం అది. షేఖ్ స్వహస్తంతో రాసిన 37 సంపుటాల ప్రతి కోన్యాలో శతాబ్దాలు భద్రంగా ఉండి, ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఉంది. తసవ్వుఫ్‌లో ఇంత కష్టమైన కితాబు ఇంకోటి అరుదు. సగం తెలిసినవాడి చేతిలో పడితే షరీఅత్‌నే జారవిడుస్తాడు. అందుకే ఆయన దాన్ని బజారులో చెప్పలేదు. హదీస్, ఫిఖ్హ్ గట్టిగా చదివినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాక్యం వాక్యం విప్పి చెప్పేవారు. చాలాసార్లు అర్ధరాత్రి దాటేది.

చివర్లో సర్తాన్, అంటే కేన్సర్, పట్టుకుంది. 1918లో ఇంతఖాల్ అయ్యారు. మజార్ జామియా నిజామియా ఆవరణలోనే ఉంది. పొద్దున దర్స్‌కు పోయే తాలిబె ఇల్మ్‌లు దాని పక్కనుంచే ఫాతిహా చదువుకుంటూ నడుస్తారు.