‘స్ట్రాంగ్లీ అగ్రీ’ వెనక ఒక సివిల్ ఇంజినీరింగ్ స్టూడెంట్

ఎంబీఏ సీనియర్లు ప్రాజెక్ట్ టైమ్‌లో మన గ్రూపుల్లో సర్వే లింకులు పడేస్తారు కదా. స్ట్రాంగ్లీ అగ్రీ నుంచి స్ట్రాంగ్లీ డిసగ్రీ దాకా ఐదు ఆప్షన్లు. దాన్ని లికర్ట్ స్కేల్ అంటారు. చాలామంది లైకర్ట్ అంటారు గానీ ఆయన తన పేరు పలికింది లికర్ట్ అనే. ఆయన గురించి చదివితే తెలిసింది, ఆయన కూడా మనలాగే ఇంజినీరింగ్‌లో చేరినవారే!

రెన్సిస్ లికర్ట్ 1903లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం, షయాన్‌లో పుట్టారు. నాన్న యూనియన్ పసిఫిక్ రైల్వేలో ఇంజినీర్. కొడుకు మిషిగన్ యూనివర్సిటీలో సివిల్ తీసుకున్నారు. 1922లో అదే రైల్వేలో ఇంటర్న్‌గా ఉండగా పెద్ద సమ్మె జరిగింది. యాజమాన్యానికీ కార్మికులకీ మధ్య సరిగ్గా మాటలే లేకపోవడం ఆయన దగ్గర నుంచి చూశారు. చివరికి 1926లో డిగ్రీ తీసుకుంది సోషియాలజీలో. (సివిల్ నుంచి సోషియాలజీకి! మన ఇళ్ళల్లో ఈ మాట చెప్తే ఏమవుతుందో ఊహించుకోండి.)

తర్వాత కొలంబియాలో సైకాలజీ పీహెచ్‌డీ, 1932లో. అప్పటికి థర్‌స్టన్ పద్ధతి నడుస్తోంది. అందులో ముందుగా బోలెడంతమంది జడ్జిలు కూర్చుని ఒక్కో వాక్యానికీ విలువ కట్టాలి. లికర్ట్ ఆ జడ్జిలనే తీసేశారు. ఒక్కో జవాబుకి 1 నుంచి 5 మార్కులు, అన్నీ కూడేయడం, అంతే. మన భాషలో ఒక ఫర్ లూప్. చదవకుండా ఒకే వైపు టిక్కులు కొట్టేవాళ్ళు ఉంటారని కూడా ఆయనకి తెలుసు. అందుకే సగం వాక్యాలు తిరగేసి రాయమన్నారు. అయితే ఆయన అడిగింది ఎక్కువగా కాలేజీ స్టూడెంట్స్‌నే. సులువుగా దొరికేది వాళ్ళే మరి.

నాకు బాగా నచ్చింది దీని తర్వాతి భాగం. 1939లో ఆయన అమెరికా వ్యవసాయ శాఖలో సర్వేల విభాగానికి హెడ్ అయ్యారు. ఇప్పుడు అడగాల్సింది రైతుల్ని. వాళ్ళ దగ్గరికి మనిషిని పంపి, ఆప్షన్లు ఇవ్వకుండా వాళ్ళ మాటల్లోనే చెప్పనిచ్చి, ఎందుకలా అనుకుంటున్నారో కూడా అడిగించారు. ఎవరిని అడగాలి అన్నదానికీ గణాంకాలవాళ్ళతో కలిసి పద్ధతి తయారుచేశారు. దొరికినవాళ్ళని కాకుండా, లాటరీలా ఇళ్ళు ఎంచుకుని ఆ ఇళ్ళకే వెళ్ళడం. ఖర్చు ఎక్కువ, టైమూ ఎక్కువే. యుద్ధం అయ్యాక ఓడిపోయిన జర్మనీలో వేలమంది మామూలు జనాన్ని ఇంటర్వ్యూ చేసిన సర్వేలో కూడా ఒక విభాగం ఆయనదే.

1946లో మిషిగన్‌కి తిరిగొచ్చి సర్వే రీసెర్చ్ సెంటర్ పెట్టారు. ప్రుడెన్షియల్ ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లర్కులనీ సూపర్‌వైజర్లనీ అడిగి చూస్తే, పని బాగా జరిగే సెక్షన్లలో సూపర్‌వైజర్ ఫైళ్ళకంటే మనుషుల్ని ఎక్కువ పట్టించుకుంటున్నాడని తేలింది. ఇలాంటి స్టడీల మీదే 1961లో ఆయన మేనేజ్‌మెంట్ పుస్తకం వచ్చింది. 1970లో రిటైరయ్యారు, 1981లో ఆన్ ఆర్బర్‌లో చనిపోయారు.

2005లో అమెజాన్ మెకానికల్ టర్క్ వచ్చింది. ఇప్పుడు బిజినెస్ రీసెర్చ్ చేసేవాళ్ళు కొన్ని సెంట్లు ఇస్తే చాలు, సాయంత్రానికల్లా వందల జవాబులు. మెషీన్లు నింపుతున్నాయేమో అని మధ్యలో ఒక చెకింగ్ ప్రశ్న పెడతారు. ఐదు మెట్లు మాత్రం అవే. ఎవరిని అడిగారంటే, ఆ రోజు లాగిన్ అయి ఉన్నవాళ్ళని. 1939 తర్వాత లికర్ట్ వదిలేసి వచ్చిన పద్ధతి అదే.