సముద్రపు టడుగును శోధించిన ఎడ్వర్డు ఫోర్బ్సు

సముద్రజీవులను గూర్చిన శాస్త్రము చాలకాలము ఒడ్డుననే నిలిచియుండెను. అలలు తెచ్చి పడవైచిన గవ్వలును, ఆటుపోటుల నడుమ రాళ్లపై గనబడు జంతువులును పండితులకు ముఖ్యాధారములు. ఒడ్డు విడిచి నీటి యడుగును వెదకినవారిలో ఎడ్వర్డు ఫోర్బ్సు ప్రముఖుడు.

ఈయన 1815 ఫిబ్రవరి 12వ తేదీన ఐరిషు సముద్రమందలి మాన్ ద్వీపమున, డగ్లసు పట్టణములో జన్మించెను. 1831లో వైద్యవిద్యకై ఎడింబరో చేరెను గాని, మనస్సు గవ్వలమీదను మొక్కలమీదను నిలిచెను. అయిదేండ్లకు వైద్యము విడిచెను. (మన విద్యార్థులు దీనిని సాకుగా గొనరాదు, ఆయన విడిచినది వైద్యమును, చదువును గాదు.)

ఆల్చిప్పలు పట్టు పల్లెవారి డ్రెడ్జియే ఆయన పనిముట్టు. ఇనుపచట్రమునకు సంచివంటి వల గట్టి త్రాటితో అడుగున నీడ్చినచో, బురదతోగూడ జీవులు పైకివచ్చును. 1839లో బ్రిటిషు అసోసియేషనువారు ఈ పనికై యొక సంఘము నేర్పరచిరి. 1841లో ఫోర్బ్సు బీకను అను సర్వే నావపై ఏజియను సముద్రమునకు బోయి, నూరుసార్లకు పైగా డ్రెడ్జి దింపి, ఏ జీవి యెంత లోతున దొరకెనో ప్రతిసారియు వ్రాసియుంచెను. అంతకుముందు గవ్వ దొరకుటయే చాలును. ఇకమీదట లోతుకూడ తెలియవలసివచ్చెను. లోతునుబట్టి జీవులు మారుచు ఎనిమిది మండలములుగా నున్నవని యాయన చూపెను.

లోతు పెరిగినకొలది జీవులు తగ్గుట చూచి, 300 బారలకు దిగువ ప్రాణి యుండదని యూహించెను. (చేతులు చాచి త్రాటిని కొలుచు మన బారయే యిది, సుమారు ఆరడుగులు.) ఇది పొరపాటు. ఏజియను లోతులు సహజముగనే జీవులు తక్కువగలవి. పైగా ఆ సంచి బురదతో త్వరగా పూడుకొనెడిది. ఫోర్బ్సునకు ఊహయైనది పలువురికి నియమమయ్యెను. 1818లోనే జాన్ రాస్ బాఫిను అఖాతపు లోతులనుండి జీవిని పైకి దెచ్చియుండినను, దానిని లక్ష్యపెట్టినవా రరుదు.

తండ్రికి ధననష్టము కలుగుటచే 1842లో ఫోర్బ్సు లండనుకు మరలి, కింగ్సు కాలేజీలో వృక్షశాస్త్రాచార్యుడయ్యెను. 1854లో, చిరకాలము కోరిన ఎడింబరో ఆచార్యపీఠము లభించెను. కాని ఆ సంవత్సరము నవంబరు 18వ తేదీననే, ముప్పదితొమ్మిదవ యేట, మరణించెను.

1860లో సార్డీనియాకును ఆఫ్రికాకును నడుమ తెగిన సముద్రపు తంతిని పైకి దీయగా, చాల లోతున నుండిన భాగమునకు జీవులంటుకొని యుండెను. 1869లో వైవిల్ థాంసను మొదలగువారు పార్క్యుపైను నావపైనుండి 2,435 బారల లోతున జీవులను గనుగొనిరి. ఆ థాంసనే 1870లో, ఒకప్పుడు ఫోర్బ్సు కూర్చున్న పీఠము నధిష్ఠించెను. 1872లో ఆయన చాలెంజరు నావపై బయలుదేరినప్పుడును వెంటగొనిపోయినది డ్రెడ్జియే. త్రాడు మాత్రము మైళ్లకొలది.