రత్నపరీక్షకుడు బ్రాంచ్ రికీ

సానపట్టిన వజ్రాన్ని చూచి మెచ్చుకొనేవారు ఎందరైనా ఉంటారు. మట్టి అంటిన రాతిని చేతిలోకి తీసుకొని, ఇది సానకు ఆగుతుందో ఆగదో తేల్చి చెప్పగలవారు అరుదు. అమెరికా దేశపు బేస్‌బాల్ క్రీడలో ఆ విద్యను ఒక శాస్త్రంగా తీర్చిదిద్దినవాడు బ్రాంచ్ రికీ. ఆటగాడుగా అతడు సామాన్యుడు. జట్టును మైదానంలో నడిపించినవాడుగా మధ్యముడు. ఇరవై యేండ్ల యువకుని చూచి, ముప్ఫయ్యవ యేట అతడేమి కాగలడో ఊహించుటలో మాత్రం రికీకి సాటి వచ్చినవారు అతి కొద్దిమంది.

మన పాఠకులలో క్రికెట్టు ఎరిగినవారే హెచ్చు గనుక ఈ ఆటను గూర్చి రెండు మాటలు చెప్పవలసి ఉంది. బేస్‌బాల్ మైదానంలో ఒక చతురస్రపు నాలుగు మూలల నాలుగు బేసులుంటాయి. ఒక బేసుకూ మరొక బేసుకూ నడుమ 90 అడుగుల దూరం. బంతిని కొట్టినవాడు, ఆ బంతి మొదటి బేసు చేరకముందే తాను అక్కడికి పరుగెత్తాలి. రెండవ, మూడవ బేసుల నడుమ కావలి కాచేవానిని షార్ట్‌స్టాప్ అంటారు. కుడిచేతివాటం వారు నేలబారుగా కొట్టే బంతులు పెక్కు అతని వైపే వస్తాయి. పరుగెత్తి, వంగి, బంతిని అందుకొని, మైదానానికి అడ్డంగా మొదటి బేసుకు విసరడానికి అతనికి దొరికే వ్యవధి నాలుగు సెకన్లకు కాస్త అటో ఇటో. కాలివేగం, చేతివాటం, భుజబలం, నిబ్బరం నాలుగూ ఒకే మనిషిలో కుదరాలి. అందుచేతనే కాలేజీ మైదానాలకు వచ్చే స్కౌటుల చూపు ముందుగా షార్ట్‌స్టాప్ మీద పడుతుంది. మన బడిపిల్లల స్కౌటు దళాలతో ఈ మాటకు సంబంధం లేదు. వృత్తిజట్ల పక్షాన ఊరూరా తిరిగి యువక్రీడాకారులను పరిశీలించి వచ్చేవారికి అక్కడ అది పేరు.

రికీ 1881 డిసెంబరు 20 న ఒహాయో రాష్ట్రపు దక్షిణభాగంలోని స్టాక్‌డేల్ అను పల్లెలో జన్మించాడు. తల్లిదండ్రులు కర్షకులు, నిష్ఠగల మెథడిస్టులు. ఆ శాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీ పేరు కలిసివచ్చేట్లు కుమారునికి వెస్లీ బ్రాంచ్ రికీ అని పేరు పెట్టారు. ఇంట పెద్ద చదువుకు వసతి లేదు. అతడు పల్లెబడిలో పంతులుగా పనిచేసి, లాటిను భాషను తనంత తానే అభ్యసించి, ఒహాయో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆదివారం నాడు ఆడనని తల్లికి మాట ఇచ్చి, ఆటగాడుగా ఉన్నన్నాళ్లూ ఆ మాట నిలుపుకొన్నాడు. ఈ పట్టుదల వల్లనే 1904 లో సిన్సినాటి జట్టు అతనిని వదలుకొన్నది.

విశ్వవిద్యాలయపు జట్టుకు శిక్షకుడుగా ఉన్న తొలిరోజులలో జరిగిన ఒక సంఘటనను రికీ జీవితాంతం చెప్పుకొనేవాడు. జట్టులో చార్లెస్ థామస్ అను నల్లజాతి విద్యార్థి ఉండేవాడు. ఇండియానా రాష్ట్రపు సౌత్ బెండ్ నగరంలో ఒక హోటలువారు అందరికీ గదులిచ్చి థామస్‌కు నిరాకరించారు. రికీ వాదించి, తన గదిలోనే అతనికి ఒక మంచం వేయించాడు. ఆ రాత్రి ఆ యువకుడు, తన చర్మపు రంగును తుడిచివేయాలన్నట్లు చేతులు రుద్దుకొంటూ ఏడ్చాడట. ఆ దృశ్యం రికీ మనసులో నాలుగు దశాబ్దాలు నిలిచిపోయింది.

వృత్తిక్రీడలో రికీ క్యాచర్. అనగా బ్యాటుదారుని వెనుక కూర్చుండి బంతి పట్టువాడు. 1907 జూన్ 28 న న్యూయార్కు జట్టు పక్షాన ఆడుతుండగా, నొప్పిచేతితో అతడు విసిరిన బంతులు సకాలంలో గమ్యం చేరక, ప్రత్యర్థులు ఒకే ఆటలో 13 బేసులు దొంగిలించారు. ఆ అపకీర్తి నేటికీ రికార్డు పుస్తకాలలో ఉంది. భుజబలం లేని ఆటగాని దైన్యమెట్టిదో రికీకి ఇంకొకరు చెప్పనక్కర లేకపోయింది. తరువాతి కాలంలో ఇతరుల భుజాలను అతడు అంత నిశితంగా పరీక్షించుటలో వింత ఏముంది?

క్షయవ్యాధి సోకగా, 1909 లో కొంతకాలం ఆరోగ్యశాలలో గడిపి, అనంతరం మిషిగన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి 1911 లో పట్టా పొందాడు. అక్కడి జట్టుకు శిక్షకుడుగా ఉండగా జార్జి సిస్లర్ అను విద్యార్థి బంతి విసరువాడుగా వచ్చి చేరాడు. అతని చేతికన్న బ్యాటు గొప్పదని రికీ గుర్తించాడు. 1915 లో సిస్లర్ రికీ నడుపుతున్న సెయింట్ లూయీ బ్రౌన్స్ జట్టులో ప్రవేశించి, 1920 లో .407, 1922 లో .420 సగటు సాధించాడు. పది అవకాశాలకు మూడుసార్లు సఫలుడైతే, అనగా సగటు .300 అయితే, ఘనుడని పొగడే ఆటలో ఇది అసాధారణం.

రికీ ప్రతిభ పూర్తిగా వికసించినది సెయింట్ లూయీ కార్డినల్స్ జట్టులో. అది పేదజట్టు. చిన్న ఊళ్ల జట్లలో మంచి ఆటగాడు కనిపిస్తే ధనికజట్లు ఎక్కువ ధర పెట్టి తన్నుకుపోయేవి. కొనలేనివాడు పండించుకోవాలన్న రైతుబుద్ధితో రికీ ఆ చిన్నజట్లనే ఒక్కొక్కటిగా వశపరచుకొని, వాటిలో యువకులను పెంచసాగాడు. ఈ పద్ధతికి ఫారం వ్యవస్థ అని పేరు వచ్చింది. వందలాది కుర్రవాళ్లను పరీక్షకు పిలిచి, ముందు పరుగెత్తమనేవాడు, తరువాత బంతి విసరమనేవాడు. బ్యాటు పట్టుటలోని దోషాలను గురువు దిద్దగలడు. కాలివేగాన్నీ భుజబలాన్నీ ఏ గురువూ ఇవ్వలేడు. నేర్పదగినది, నేర్పరానిది అన్న ఈ విభజనయే అతని పరీక్షకు పునాది. 1926, 1931, 1934, 1942 సంవత్సరాలలో కార్డినల్స్ జట్టు ప్రపంచ విజేత అయింది.

ఈ వ్యవస్థకు చీకటివైపు కూడ ఉంది. వందలాది యువకులు అల్పవేతనాలతో చిన్నజట్లలోనే మగ్గిపోయేవారు. ఆటగాళ్లను ఇతర జట్లకు అమ్మినపుడు ఆ సొమ్ములో రికీకి వాటా ముట్టేది. 1938 లో బేస్‌బాల్ కమీషనరు లాండిస్ కార్డినల్స్ బంధం నుండి డజన్లకొద్దీ ఆటగాళ్లను విడిపించాడు. పరీక్షకునికి సరుకు మీద లాభం కూడ ఉన్నపుడు అతని త్రాసును ఇతరులు అనుమానించుట సహజం.

1942 చివర రికీ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు యాజమాన్యం స్వీకరించాడు. అప్పటికి అరువది యేండ్లుగా ప్రధాన లీగులలో నల్లజాతివారికి ప్రవేశం లేదు. ఆ గోడను పగులగొట్టుటకు రికీ రహస్యంగా మనిషిని వెదకసాగాడు. చూపు కాన్సాస్ సిటీ మోనార్క్స్ అను నల్లజాతి జట్టులోని షార్ట్‌స్టాప్ జాకీ రాబిన్సన్ మీద నిలిచింది. రాబిన్సన్ లాస్ ఏంజలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నాలుగు క్రీడలలో ప్రతినిధిగా నిలిచినవాడు. 1940 లో దూరపుగెంతులో కాలేజీల జాతీయవిజేత. విచిత్రమేమంటే, అదే యేడు కాలేజీ జట్టులో షార్ట్‌స్టాప్‌గా ఆడినపుడు అతని బ్యాటింగు సగటు .097 మాత్రమే. ఆ ఒక్క అంకె చూచి తీర్పు చెప్పే పరీక్షకుడైతే ఆ పేరును అప్పుడే కొట్టివేసి ఉండేవాడు.

రాబిన్సన్‌ను చూచివచ్చిన స్కౌటులలో వెనుకటి మిషిగన్ విద్యార్థి సిస్లర్ కూడ ఉన్నాడు. కాళ్లు, చేతులు, బ్యాటు మేలైనవే. షార్ట్‌స్టాప్ స్థానం నుండి విసరడానికి భుజబలం చాలుతుందా అన్నదే సందేహం. 1945 ఆగస్టులో రికీ క్లయిడ్ సూక్‌ఫర్త్ అను స్కౌటును చికాగో పంపి, ఆ భుజాన్ని చూచి రమ్మన్నాడు. చూడబోతే రాబిన్సన్ భుజానికి దెబ్బ తగిలి ఉంది, ఆడడం లేదు. సూక్‌ఫర్త్ పరీక్ష మానుకొని, మనిషినే బ్రూక్లిన్ తీసుకొనివచ్చాడు.

ఆగస్టు 28 న జరిగిన సమావేశం సుమారు మూడు గంటలు సాగింది. రికీ భుజం సంగతి ప్రక్కన పెట్టి, ద్వేషించే ప్రేక్షకుడుగా, గది ఇవ్వని హోటలు గుమాస్తాగా, బూతులు తిట్టే ప్రత్యర్థిగా తానే నటించి రాబిన్సన్‌ను రెచ్చగొట్టాడు. అంతకు ముందటి యేడే సైన్యంలో, బస్సు వెనుకభాగానికి పొమ్మంటే పోనందుకు సైనికన్యాయస్థానంలో నిలిచి నిర్దోషిగా బయటపడిన అభిమానధనుడు రాబిన్సన్. అట్టివాడు తొలికాలంలో దెబ్బకు దెబ్బ తీయకుండ ఓర్చుకోగలడా అన్నదే ఆనాటి పరీక్ష. ఓర్చుకొంటానని అతడు మాట ఇచ్చాడు.

బ్రూక్లిన్‌లో షార్ట్‌స్టాప్ స్థానం పీ వీ రీస్‌ది. రాబిన్సన్ 1946 లో మాంట్రియల్‌లో రెండవ బేసు వద్ద ఆడి .349 సగటు సాధించి, 1947 ఏప్రిల్ 15 న బ్రూక్లిన్‌లో మొదటి బేసు వద్ద నిలిచాడు. 1949 లో లీగు ఉత్తమ క్రీడాకారుడయ్యాడు. భుజాన్ని గూర్చిన సందేహం స్థానాన్ని మార్చింది. మనిషిని గూర్చిన తీర్పు చరిత్రను మార్చింది.

అయితే మోనార్క్స్ యజమానులకు రికీ ఒక్క డాలరూ చెల్లించలేదు. ఆ లీగులను అతడు సక్రమమైన వ్యవస్థగానే పరిగణించలేదు. ఒక్కొక్కరుగా మేటి ఆటగాళ్లు వెళ్లిపోగా, నల్లజాతివారు తమ కష్టంతో నిలుపుకొన్న ఆ లీగులు క్షీణించిపోయాయి. వాటిని ప్రధాన లీగులతో సమానమని అధికారికంగా అంగీకరించినది 2020 లో. రికీ ఘనకార్యాన్ని కొనియాడేవారు ఈ బాకీని కూడ లెక్కలో చూపాలి.

పిట్స్‌బర్గ్ జట్టుకు వెళ్లిన తరువాత రికీ తన సూత్రానికే విరుద్ధమైన ఒక ఎంపిక చేశాడు. డ్యూక్ విశ్వవిద్యాలయపు షార్ట్‌స్టాప్ డిక్ గ్రోట్ మందగమనుడు. భుజబలం కూడ అంతంత మాత్రం. కాని బ్యాటుదారుని వాలకం చూచి బంతి ఎటు రాగలదో ముందే పసికట్టి అక్కడ నిలిచే తెలివి అతనిది. చదువు మధ్యలో ఉండగానే రికీ ఆహ్వానించాడు. కాలేజీ ఆఖరు సంవత్సరపు ఆటలు ముగియనిదే రానని గ్రోట్ అన్నాడు. రికీ ఆగాడు. 1952 జూన్‌లో గ్రోట్ చిన్నజట్ల మెట్లెక్కకుండ నేరుగా ప్రధాన లీగులో అడుగుపెట్టాడు. 1960 లో .325 సగటుతో లీగులో ప్రథముడై, ఉత్తమ క్రీడాకారుడుగా ఎన్నికయ్యాడు. ఆ యేడే పిట్స్‌బర్గ్ ప్రపంచ విజేత అయింది. అప్పటికి రికీ ఆ జట్టును విడిచి అయిదేండ్లు.

ధనికజట్లు పోటీపడి యువకులపై డబ్బు కుమ్మరించే రోజులు 1965 జూన్‌లో ముగిశాయి. వెనుకటి యేడు అట్టడుగున నిలిచిన జట్టు ముందుగా ఎంచుకొనే డ్రాఫ్టు పద్ధతి అప్పుడు వచ్చింది. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయపు విద్యార్థి రిక్ మండే తొలి ఎంపిక. ఆ నవంబరులోనే మిసోరీ రాష్ట్రంలో సన్మానసభలో ప్రసంగిస్తూ రికీ కుప్పకూలి, డిసెంబరు 9 న కన్నుమూశాడు.

డ్రాఫ్టుకు ముందు నేటి కాలేజీ షార్ట్‌స్టాప్‌ను స్కౌటులు గడియారంతో, రాడారుతో, కెమేరాలతో కొలుస్తారు. రికీ దానిని తప్పుపట్టేవాడు కాడు. 1947 లోనే అలన్ రోత్ అను గణకుని జట్టు కొలువులో పెట్టుకొన్నవాడు అతడు. కాని ఆ కొలతలన్నీ పూర్తయిన తరువాత అతడు ఇంకొక పని చేసేవాడు. ఆ యువకుని ఎదుట కూర్చుండబెట్టుకొని, తీరికగా మాట్లాడేవాడు. మార్కుల పట్టీలతో విద్యార్థుల భవిష్యత్తు తేల్చే మనబోటి ఉపాధ్యాయులు అతని వద్ద నేర్వవలసినది ఆ తీరికనే.