ముసవ్విర్ జంగ్ రాజా దీన్ దయాళ్

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఏ పాత పెంకుటింట అడుగు పెట్టినా, నడవలో ద్వారబంధానికి పైన, గోడ నుండి కొంచెం ముందుకు వంగి వ్రేలాడే పెద్ద పటమొకటి కనిపించేది. అది ఆ యింటి తాతగారిదో, నాయనమ్మగారిదో అయి ఉండేది. ఆ పెద్దలలో చాలామంది జీవితకాలంలో ఒక్కసారో రెండుసార్లో మాత్రమే కెమేరా ఎదుట నిలిచినవారు. వారు గతించిన పిమ్మట, ఏ పెండ్లినాటి సామూహిక చిత్రంలోనో బొటనవ్రేలి గోరంత ఉన్న ముఖాన్ని వెదకి పట్టుకొని, పట్టణంలోని ఫోటో స్టూడియోకు తీసికొనిపోయి, ఎన్లార్జి చేయించి, చట్రం కట్టించి, పూలదండ వేసేవారు. ఆ గోరంత ముఖాన్ని కొండంత చేసిన యంత్రమే ఎన్లార్జరు. స్టూడియో వెనుక ఎఱ్ఱదీపం వెలిగే చీకటిగదిలో అది నిలిచి ఉండేది. ఆసక్తి, కొద్దిపాటి సొమ్ము ఉన్న కొందరు తమ యింటి కొట్టుగదినే చీకటిగదిగా మార్చుకొని, రాత్రివేళల అందులో కృషి చేసేవారు.

ఈ యంత్రం ఇంతగా ఇంటింటి వస్తువు కాకమునుపే, చాయాచిత్రకళలో ప్రపంచం మెచ్చిన పనితనం చూపిన మహనీయుడొకరు మన తెలుగు నేలపై, హైదరాబాదు రాజ్యంలో, నివసించారు. ఆయనే రాజా దీన్ దయాళ్. ఆయన జీవితం విద్యార్థులకు తెలిసికొనదగినది.

దీన్ దయాళ్ 1844లో ఉత్తర హిందూస్థానంలోని మీరట్ సమీపాన గల సర్ధనా పట్టణంలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. వారిది రత్నాల వర్తకుల వంశం. రాయి విలువను వెలుతురులో త్రిప్పి చూచి నిర్ణయించే వారి యింట పుట్టిన బాలుడు, పెరిగి పెద్దవాడై వెలుతురునే తన వృత్తిగా చేసికొనడం విశేషమే. అయితే ఆయన నేరుగా ఆ మార్గం పట్టలేదు. రూర్కీలోని థామసన్ సివిలు ఇంజనీరింగు కళాశాలలో చేరి, చిత్తురూపాలు గీయడంలోను, కొలతలు కట్టడంలోను శిక్షణ పొంది, 1866లో విద్య ముగించారు. ఆ సంవత్సరమే ఇందూరు సంస్థానంలో ప్రజాపనుల శాఖలో ఉద్యోగంలో ప్రవేశించి, క్రమంగా ప్రధాన అంచనాదారుగా, డ్రాఫ్ట్స్‌మనుగా ఎదిగారు. భవనాన్ని ఏ కోణం నుండి చూస్తే దాని నిర్మాణం స్పష్టమవుతుందో ఆయనకు తెలియజేసినది ఈ ఉద్యోగమే. తరువాతి కాలంలో ఆయన తీసిన కోటల, దేవాలయాల చిత్రాలలో స్తంభం వంకర లేకుండా నిలువుగా నిలిచి కనిపించడానికి కారణం రూర్కీలో నేర్చిన గీతయే.

1874 ప్రాంతంలో, ముప్పది యేండ్ల వయస్సులో, ఆయన కెమేరాను చేపట్టారు. ఆనాడు ఆ పని ఎంత కష్టమో నేటి వారు ఊహించడం దుర్లభం. అప్పటికి వాడుకలో ఉన్నది తడి పలక పద్ధతి. గాజుపలకపై కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పోసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకమునుపే కెమేరాలో అమర్చి చిత్రం తీసి, తడి ఆరకమునుపే చీకటిలో డెవలప్ చేయవలెను. పలక ఆరిపోయినదా, శ్రమ వృథా. అందువలన ఛాయాచిత్రకారుడు ఎక్కడికి పోయినా చీకటిగది ఆయన వెంట నడిచేది. గుడారము, సీసాలు, గాజుపలకలు, నీటి పాత్రలు, వాటిని మోసే కూలీలు, బండ్లు, ఇదంతా ఒక చిన్న దండయాత్ర వలె సాగేది.

పలకలు అంత పెద్దవిగా ఎందుకుండేవి? దీనికి సమాధానం ఎన్లార్జరు లేకపోవడమే. ఆ రోజులలో గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని గాజు నెగెటివుకు ఆనించి, చట్రంలో బిగించి, ఎండలో పెట్టి ముద్రించేవారు. నెగెటివు ఎంత ఉంటే చిత్రమూ అంతే. పెద్ద చిత్రం కావలెనంటే పెద్ద గాజుపలక, దానికి తగిన పెద్ద కెమేరా కావలసినదే. 10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు గల ఒక గాజుపలక వైశాల్యం, తరువాతి కాలపు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌పై ఉండే ఒక్క చిత్రం వైశాల్యానికి సుమారు 90 రెట్లు. చిత్రాన్ని పెంచి చూపే సాధనం అసలే లేకపోలేదు. అమెరికాలో బాల్టిమోరు నగరవాసి వుడ్‌వర్డ్ 1857లో సూర్యకిరణాలను కటకం ద్వారా నెగెటివుపైకి మళ్ళించే సౌర కెమేరాను రూపొందించారు. కాని దానికి సూర్యుని గమనాన్ని అనుసరిస్తూ చాలసేపు వేచి ఉండవలసి వచ్చేది. కృత్రిమ దీపకాంతికి త్వరగా స్పందించే బ్రోమైడు కాగితం 1880ల తరువాత వ్యాప్తిలోకి వచ్చిన పిమ్మటగాని ఎన్లార్జరు సులభసాధ్యం కాలేదు.

ఇట్టి పరిమితుల నడుమనే దీన్ దయాళ్ పని చేశారు. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్యభారతంలో గవర్నరు జనరల్ ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్సు యువరాజు భారతదేశం పర్యటించినప్పుడు ఆయనకు చిత్రాలు తీసే అవకాశం లభించింది. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి, ప్రాచీన కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలతో మధ్యభారత సుప్రసిద్ధ కట్టడాలను గూర్చిన గ్రంథం 1886లో వెలువడింది. గ్వాలియరు కోట, ఖజురహో, సాంచీ వంటి స్థలాలను ఆనాడు అవి ఎట్లుండెనో నేడు మనం చూడగలుగుతున్నామంటే, ఆ గాజుపలకల పుణ్యమే.

ఇప్పుడు ఆయన ఎదుట ఒక సమస్య నిలిచింది. ఒక వైపు నెలనెలా జీతం, పింఛను గల సర్కారు కొలువు. మరొక వైపు నిలకడ లేని కొత్త విద్య. గాజు పగిలితే నష్టం, ఎండ లేకపోతే నష్టం, దొరల దయ తప్పితే నష్టం. కుటుంబ భారం గల నడివయస్కుడు ఈ రెంటిలో దేనిని ఎన్నుకొనవలెను? దీన్ దయాళ్ మొదట సెలవు పెట్టి తన శక్తిని పరీక్షించుకొని, తరువాతనే కొలువును విడిచారు. సాహసానికి ముందు వివేకాన్ని ఉంచిన ఈ తీరు గమనింపదగినది. 1885లో వైస్రాయికి ఛాయాచిత్రకారుడుగా నియామకం పొందారు.

ఆ కాలంలోనే ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆదరణ ఆయనకు లభించింది. యువ నిజాము 1884లో పూర్తి రాజ్యాధికారం స్వీకరించి ఉన్నారు. దీన్ దయాళ్ హైదరాబాదు ఆస్థాన ఛాయాచిత్రకారులై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. దర్బారులు, వేటలు, సైన్య విన్యాసాలు, చార్మినారు, గోలకొండ, ఫలక్‌నుమా అంతఃశాలలు, ఇవన్నియు ఆయన కెమేరాకు ఎక్కాయి. అప్పటికి పొడి గాజుపలకలు వాడుకలోకి రావడం వలన గుడారపు తొందర తగ్గి, కదలికలను సైతం పట్టే వీలు కలిగింది. 1894లో నిజాము ఆయనకు రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రసాదించారు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. ఖడ్గధారులకు ఇచ్చే జంగ్ అనే మాటను కెమేరా పట్టిన వానికి జోడించడంలోని గౌరవం మన ఉర్దూ విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. స్వయంగా కవియైన నిజాము ఆయనను ప్రశంసిస్తూ ఉర్దూలో ఒక షేరు కూడ చెప్పినట్లు ప్రసిద్ధి. జైన మతస్థుడైన ఉత్తరాది చిత్రకారుడు, ముస్లిం ప్రభువు, తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషలు మాట్లాడే ప్రజలు: ఆ రాజ్యపు కలగలుపు స్వభావానికి ఈ జీవితమే ఒక చిత్రం.

దీన్ దయాళ్ చేసిన పనులలో మిక్కిలి ఆలోచనాపరమైనది 1892లో హైదరాబాదులో స్థాపించిన జనానా స్టూడియో. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చుండి చిత్రం తీయించుకొనడం ఆనాడు అసంభవం. తండ్రుల, భర్తల, కుమారుల చిత్రాలు గోడలపై నిలుస్తుండగా, తల్లుల ముఖాలు మాత్రం వారితోనే కాలగర్భంలో కలిసిపోయేవి. దీన్ దయాళ్ ఆ ఆచారాన్ని నిందింపలేదు, ధిక్కరింపలేదు. చుట్టూ ఎత్తైన గోడలు కట్టించి, కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళను నిర్వాహకురాలిగా నియమించి, లోపలి పని అంతయు స్త్రీల చేతనే జరిపించారు. చిత్రం తీయించుకొనే స్త్రీ గౌరవానికి భంగం లేకుండ ఆమె రూపం నిలిచే మార్గం చూపారు. మన యిండ్లలో నాయనమ్మగారి పటం లేని వెలితి ఎరిగినవారికి ఈ పని విలువ బోధపడుతుంది.

1893లో చికాగో విశ్వప్రదర్శనలో ఆయన చిత్రాలు ప్రదర్శింపబడ్డాయి. 1896లో బొంబాయిలో స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి నుండి రాజ నియామక పత్రం లభించింది. రాజవైభవాన్నే ఆయన చిత్రించారని కొందరు ఆక్షేపిస్తారు. ఆ మాటలో కొంత నిజమున్నది. పులి కళేబరం ఎదుట నిలిచిన కర్జన్ ప్రభు దంపతుల 1902నాటి చిత్రం ఆయన కెమేరాతో తీసినదే. అయితే 1899-1900నాటి క్షామంలో నిజాము రాజ్యాన జరిగిన సహాయ కార్యక్రమాలను, ఆకలితో వచ్చిన జనాన్ని చిత్రించినవారు కూడ ఆయనే. రెండు రకాల గాజుపలకలు ఒకే పెట్టెలో ఉన్నాయి. చూచేవాడు రెండింటినీ చూడవలెను.

1903లో ఢిల్లీ దర్బారు వైభవాన్ని కూడ ఆయన చిత్రించారు. వృత్తిలో తోడుగా నిలిచిన కుమారుడు ధరమ్‌చంద్ 1904లో కన్నుమూశారు. మరుసటి యేడు, 1905 జులైలో, దీన్ దయాళ్ పరమపదించారు. మరొక కుమారుడు జ్ఞాన్‌చంద్ కొంతకాలం స్టూడియోను నడిపారు. రాజులు పోయారు, రాజ్యం పోయింది. కాని పగిలిపోయే స్వభావం గల గాజు మాత్రం నిలిచింది. ఆయన గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్ళను వెలువరించింది.

ఆయన అనంతరం కెమేరా చిన్నదయింది. జర్మనీ దేశపు ఆస్కార్ బర్నాక్ రూపకల్పన చేసిన లైకా 1925లో విపణికి వచ్చింది. దాని నెగెటివు 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే. అంత చిన్న నెగెటివును కాగితానికి ఆనించి ముద్రిస్తే తపాలాబిళ్ళంత చిత్రమే వస్తుంది. కనుక ఎన్లార్జరు తప్పనిసరి అయింది. దీపము, దాని కాంతిని సమంగా పరచే కండెన్సరు కటకము, నెగెటివును పట్టి ఉంచే పలక, క్రింద లెన్సు, ఇవన్నియు ఒక నిలువు కడ్డీపై అమర్చి ఉండేవి. తల భాగాన్ని పైకి జరిపితే బల్లపై రూపం పెరుగుతుంది. అయితే వెలుతురు ఎక్కువ మేర పరచుకొని పలుచనవుతుంది గనుక కాగితాన్ని ఎక్కువసేపు ఉంచవలెను. నెగెటివుపై ఒక్క ధూళి రేణువున్నా అదీ పెరిగి ముఖంపై మచ్చ అవుతుంది. డెవలపరు తొట్టిలో తెల్లకాగితంపై మొదట కనుబొమలు, పిమ్మట కనులు, పిమ్మట ముఖమంతా మెల్లగా తేలివచ్చే ఆ ఘడియను చూచినవారు జన్మలో మరువలేరు. హైపోలో నిలిపి, పారే నీట చాలసేపు కడిగితేనే ఆ రూపం పదికాలాలు నిలిచేది.

నేడు డిజిటల్ కెమేరాలు వచ్చి చీకటిగదులు మూతపడ్డాయి. ఎన్లార్జర్లు అటకలకు ఎక్కాయి. ప్రతి చేతిలోను కెమేరా ఉన్న ఈ రోజులలో చిత్రాలకు కొదవ లేదు, శ్రద్ధకే కొదవ. ఒక్కొక్క పలకకు ఒక్కొక్క గుడారం మోసిన దీన్ దయాళ్ చరిత్ర మనకు ఒక కర్తవ్యాన్ని బోధిస్తున్నది. విద్యార్థులారా! మీ యింటి పాత ట్రంకుపెట్టెలో గాజుపలకలు, ఫిల్మ్ ముక్కలు, వెలిసిన పటాలు ఉంటే చెత్తతో పారవేయకండి. పెద్దలు జీవించి ఉండగనే ఆ ముఖాలు ఎవరివో అడిగి, వెనుక పెన్సిలుతో మెల్లగా వ్రాసి ఉంచండి. పేరు తెలియని ముఖాన్ని ఎన్లార్జరు ఎంత పెంచినా దానికి పేరు రాదు.