సంతకం పెట్టని లేడీ ఆన్

పుట్టింటి ఆస్తిలో వాటా అడిగిన ఆడపిల్లని ఎన్నేసి మాటలంటారో మనకు తెలియంది కాదు. అలా అడిగి, కట్టుకున్నవాడితోను, దేశాన్నేలే రాజుతోను కూడా కాదని నిలబడ్డ ఒకావిడ కథ చదివినప్పటినుంచీ నన్ను వదలడం లేదు. ఆవిడ లేడీ ఆన్ క్లిఫర్డ్.

1590లో ఉత్తర ఇంగ్లండులోని స్కిప్టన్ కోటలో పుట్టింది. అన్నలిద్దరూ చిన్నతనంలోనే పోయారు. తండ్రి జార్జ్ క్లిఫర్డ్ కంబర్లాండ్ ప్రభువు. 1605లో ఆయన చనిపోతూ కోటలు, భూములు తమ్ముడి పేర రాసి, కూతురికి పదిహేను వేల పౌన్లు ఇమ్మన్నాడు. అప్పటికి ఆన్‌కి పదిహేనేళ్లు. ఆడైనా మగైనా కన్నబిడ్డకే ఆ ఆస్తి చెందాలని రెండో ఎడ్వర్డ్ రాజు కాలంనాటి పత్రం ఉంది. తల్లి మార్గరెట్ పాత కాగితాలన్నీ వెతికి తీయించి దావా వేసింది.

1609లో ఆన్‌కి రిచర్డ్ శాక్‌విల్‌తో పెళ్లయింది. మనిషి సరదాల రాయుడు. జూదం, ఖరీదైన బట్టలు, అప్పులు! హక్కు వదులుకుంటే బాబాయి డబ్బిస్తాడు, సంతకం పెట్టమని ఒకటే పోరు. ఆవిడ పెట్టలేదు. 1616లో రెండేళ్లయినా నిండని కూతుర్ని తల్లి దగ్గర్నుంచి వేరే ఊరికి పంపించేశాడు. అదే నెలలో ఆన్ తల్లి కూడా పోయింది. బిడ్డ దగ్గర లేదు, అమ్మ ఇక లేదు. అయినా కలం పట్టలేదు. ఆస్తి పిచ్చి అనేవాళ్లు అంటారు గానీ, నాకైతే అది తల్లి మొదలుపెట్టిన పోరాటాన్ని మధ్యలో వదలలేకపోవడమే అనిపిస్తుంది. మరుసటి ఏడు జేమ్స్ రాజు స్వయంగా పిలిపించి అడిగినా ఒప్పుకోలేదు. రాజు తీర్పు మాత్రం బాబాయికే అనుకూలంగా వచ్చింది.

భర్త పోయాడు. 1630లో చేసుకున్న రెండో పెళ్లీ సుఖపెట్టలేదు. చివరికి 1643లో బాబాయి కొడుకు మగసంతానం లేకుండా చనిపోవడంతో ఆస్తి ఆన్‌కి వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్లు!

అంతర్యుద్ధం సాగుతుండటంతో 1649లో గానీ ఉత్తరానికి వెళ్లలేకపోయింది. దాదాపు అరవై ఏళ్ల వయసులో శిథిలమైన స్కిప్టన్, ఆపిల్‌బీ, బ్రౌఅమ్, బ్రఫ్, పెండ్రాగన్ కోటల్ని బాగు చేయించింది. ఆపిల్‌బీలో పదముగ్గురు నిరుపేద స్త్రీలకు ఇళ్లు కట్టించింది. ఆ వరస ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. తల్లి తనని ఆఖరిసారి సాగనంపిన దారిపక్కన 1656లో రాతిస్తంభం నిలబెట్టి, ఏటా ఏప్రిల్ 2న పేదలకు నాలుగు పౌన్లు పంచేలా ఏర్పాటు చేసింది.

1299నాటి క్లిఫర్డ్ బిరుదు ఆడబిడ్డ ద్వారా కూడా సంక్రమిస్తుందని ప్రభువుల సభ ఒప్పుకున్నది 1691లో. అప్పటికి ఆవిడ లేదు. పట్టం అందుకున్నది మనవడు!

1676 మార్చి 22న, తండ్రి పుట్టిన బ్రౌఅమ్ కోటలో, ఆయన పుట్టిన గదిలోనే కన్నుమూసింది. ముందురోజు దాకా డైరీ రాయిస్తూనే ఉంది.