బందరు డాక్టరుగారు నేర్పిన పొదుపు పాఠం

భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పేరు చెప్పగానే మన విద్యార్థుల్లో చాలామందికి గుర్తుకొచ్చేది ఒక ఓటమి. 1939 జనవరిలో జరిగిన కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో ఆయన సుభాస్ చంద్ర బోసు చేతిలో ఓడిపోయారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు ఇంకొక్క ముక్క కూడా తెలుసు: కాంగ్రెసు చరిత్ర రాసింది ఆయనేనని. ఈ రెండూ నిజమే. కాని కామర్సు చదువుతున్న నాకు ఆయన జీవితంలో అంతకంటే ముఖ్యంగా తోచే సంగతి మరొకటి వుంది. బీదదేశంలో మామూలు మనిషి తన చేతిలో మిగిలిన నాలుగు రూపాయలను ఎక్కడ దాచుకోవాలి, ఎవర్ని నమ్మి దాచుకోవాలి అన్న ప్రశ్నకు తన జీవితంలో సగభాగం వెచ్చించి జవాబు వెతికిన మనిషి ఆయన. రేపో మాపో మొదటి జీతం అందుకోబోయే మనందరికీ ఆ ప్రశ్న ఎదురుకాక తప్పదు. అందుకే ఈ సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాను.

పట్టాభిగారు 1880లో గుండుగొలనులో పుట్టారు. ఆ వూరు నేటి ఏలూరు జిల్లా భీమడోలు మండలంలో వుంది. కలిమి వున్న కుటుంబం కాదు. అయినా చదువు మానలేదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పట్టా పుచ్చుకుని, ఆ తర్వాత వైద్యం చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టారు. చేయి తిరిగిన డాక్టరని పేరొచ్చింది, రాబడి కూడా బాగానే వుండేది. ఆ బందరులోనే ముట్నూరి కృష్ణారావుగారు, కోపల్లె హనుమంతరావుగారు ఆయనకు తోడయ్యారు. ఒకరు కృష్ణాపత్రికకు ప్రాణం పోశారు, మరొకరు ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. పత్రిక, చదువు, డబ్బు - జాతి తన కాళ్ళమీద తాను నిలవాలంటే ఈ మూడూ కావాలి. మూడోది పట్టాభిగారి వంతుకు వచ్చింది. కొన్నేళ్ళకు ఆయన ప్రాక్టీసు వదిలేసి పూర్తిగా ప్రజాజీవితంలోకి దిగారు.

ఆనాడు మన కోస్తా జిల్లాల్లో డబ్బు లేకపోలేదు. ధవళేశ్వరం ఆనకట్ట, బెజవాడ ఆనకట్ట 1850లలో పూర్తయ్యాయి. కాలవల కింద వరి పండింది, గాదెలు నిండాయి, రైతు చేతిలో కాస్తో కూస్తో మిగలసాగింది. మరి ఆ మిగులు ఏమయ్యేది? మూడు దార్లు పట్టేది. మొదటిది బంగారం: ఆడపిల్ల పెళ్ళికి, కష్టకాలంలో తాకట్టుకి. రెండోది పొలం: పక్క చేను అమ్మకానికొస్తే చాలు, అప్పు చేసైనా కొనాల్సిందే. మూడోది వడ్డీ వ్యాపారం: ప్రోనోటు రాయించుకుని ఇరుగుపొరుగుకి అప్పివ్వడం.

ఈ మూడింట్లో తప్పేమీ లేదు, మన ఇళ్ళల్లో నేటికీ ఇవే దార్లు. కాని దేశం వైపునుంచి చూస్తే వేరే చిత్రం కనబడుతుంది. పెట్టెలో పెట్టిన బంగారం కొత్తగా ఒక్క గింజ పండించదు. పొలం ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారితే భూమి సెంటు కూడా పెరగదు, ధర మాత్రం పెరుగుతుంది. ఇక వడ్డీ సంగతి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24. అంత వడ్డీ కట్టి ఎవడూ బియ్యపు మిల్లు పెట్టి బతికి బట్టకట్టలేడు. అంత వడ్డీకి అప్పు తీసుకునేది పెళ్ళికో, జబ్బుకో, పోయిన పంటకో. అంటే ఒకడి పొదుపు ఇంకొకడి కష్టానికి ముడిపడి వుండేది. వూరినిండా డబ్బుండి కూడా పరిశ్రమకు పెట్టుబడి లేకపోవడమనే వింత ఇలా పుట్టింది. వెనకబడిన దేశాలన్నిటిలోనూ అర్థశాస్త్రం చూసిన వింత ఇదే.

అయితే జనం బ్యాంకుల్ని నమ్మకపోవడానికి వాళ్ళ అజ్ఞానమే కారణమనుకుంటే పొరపాటు. వాళ్ళ భయానికి గట్టి ఆధారాలే వున్నాయి. 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ కుప్పకూలింది. దొరల కంపెనీ, ఎంతో పేరున్న కంపెనీ. వేలమంది జీవితకాలపు పొదుపు దాంతోపాటు పోయింది. ఆ దెబ్బలోంచే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. స్వదేశీ ఉద్యమం వేడిలో దేశమంతటా బ్యాంకులు మొలిచాయి, 1913 తర్వాత వాటిలో చాలా భాగం వరసగా మూతపడ్డాయి. లాహోరులోని పీపుల్స్ బ్యాంకు వాటిలో ఒకటి. 1923లో అలయన్స్ బ్యాంక్ ఆఫ్ సిమ్లా పడిపోయింది. అంటే దొరల పేరు చూసి నమ్మినా డబ్బు పోయింది, స్వదేశీ పేరు చూసి నమ్మినా పోయింది. అప్పటికి రిజర్వు బ్యాంకు లేదు, అది 1935లో గాని రాలేదు. డిపాజిట్లకు బీమా అన్న మాటే లేదు. ఇలాంటి రోజుల్లో వూరివాళ్ళను పిలిచి మీ డబ్బు తెచ్చి బ్యాంకులో వేయండని అడగడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

పట్టాభిగారు తొందరపడలేదు. ముందు 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకును నెలకొల్పారు. ఆ తర్వాత సరిగ్గా అలయన్స్ బ్యాంకు పడిపోయిన ఆ 1923లోనే నవంబరు 20న ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించారు, 28న బందరులో వ్యాపారం మొదలైంది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు. చెల్లించిన మూలధనం 1 లక్ష. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953లో. ఆ పేరుతో రాష్ట్రం రావడానికి ముప్ఫయ్యేళ్ళ ముందే ఆ పేరుతో బ్యాంకు వచ్చిందన్నమాట. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్తాన్ మ్యూచువల్ ఇన్సూరెన్సు కంపెనీ - ఇలా ఒకదాని వెంట ఒకటి ఆయన చేతులమీదుగా వెలిశాయి.

ఈ వరసను ఒక్కసారి గమనించండి. కుటుంబానికి కావలసినవన్నీ ఇందులో వున్నాయి. పంటకు అప్పు సహకార బ్యాంకులో. మిగిలిన డబ్బుకు చోటు వాణిజ్య బ్యాంకులో. సంపాదించేవాడు అకస్మాత్తుగా పోతే ఇల్లాలికి ఆధారం ఇన్సూరెన్సులో. ఆయన డాక్టరు గనక, ఇంటి యజమాని మంచం పడితే ఆ ఇల్లు ఎలా చితికిపోతుందో కళ్ళారా చూసి వుంటారు. బీమా ఆలోచన వెనక ఆ అనుభవం వుందని నా వూహ.

కొద్దికాలానికే గడ్డు పరీక్ష వచ్చింది. 1929 తర్వాత ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం కమ్ముకుంది. ధాన్యం ధర దారుణంగా పడిపోయింది. రైతు అమ్మేదానికి ధర లేదు, కట్టాల్సిన శిస్తూ వడ్డీ మాత్రం తగ్గలేదు. అప్పు చేసి పొలం కొన్నవాళ్ళు అన్యాయమైపోయారు. 1931 తర్వాత దేశంలోని ఇళ్ళల్లోంచి బంగారం కదిలి ఓడలెక్కి విదేశాలకు పోయింది. చివరికి మద్రాసు ప్రభుత్వం రైతుల్ని ఆదుకోవడానికి 1938లో రుణవిమోచన చట్టం తేవాల్సివచ్చింది. ఆ ఏడాదే దక్షిణాదిలో పెద్ద బ్యాంకు ట్రావన్కూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడింది. ఇంత గాలివానలోనూ బందరులో లక్ష రూపాయలతో మొదలైన బ్యాంకు నిలిచింది.

ఇక్కడే నాకు ఆయన గొప్పతనం తెలిసింది. ఆ ఏళ్ళల్లో పట్టాభిగారు బ్యాంకు గదిలో కూర్చుని లెక్కలు చూసుకునే మనిషి కాదు. 1930లో బందరు సముద్రతీరంలో ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్ళారు. 1942 ఆగస్టులో కాంగ్రెసు కార్యవర్గంతో పాటు ఆయన్ని పట్టుకుపోయి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. నెహ్రూ, పటేల్, ఆజాద్‌ల సరసన మూడేళ్ళ పాటు అక్కడే వున్నారు. వ్యవస్థాపకుడు జైల్లో వుంటే బ్యాంకు తలుపులు యథాప్రకారం తెరుచుకుంటూనే వున్నాయి. వూళ్ళో షావుకారు జైలుకెళితే ఏమవుతుంది? ఆయన దగ్గర దాచుకున్న డబ్బు గతి అధోగతే. తేడా అంతా అక్కడుంది. మొదట్లో జనం డబ్బు వేసింది డాక్టరుగారి ముఖం చూసే కావచ్చు. కాని ఆ డబ్బును కాపాడింది ఆయన ముఖం కాదు. చిట్టా ఆవర్జాలు, ఏటా అచ్చయ్యే ఆస్తి అప్పుల పట్టీ, ఆడిటరు సంతకం, వాటాదార్ల సభ, ఇవీ కాపాడినవి. మనిషి మీది నమ్మకాన్ని వ్యవస్థ మీది నమ్మకంగా మార్చడమే ఆయన చేసిన అసలు పని.

ఆయన పనికి పరిమితులు లేవని నేననను. 1951-52లో జరిగిన అఖిలభారత గ్రామీణ పరపతి సర్వే లెక్క ప్రకారం, పల్లెల్లో రైతులు తెచ్చుకున్న ప్రతి 100 రూపాయల అప్పులో వాణిజ్య బ్యాంకులిచ్చింది 1 రూపాయి కూడా లేదు, 90 పైసలు. సహకార సంఘాలిచ్చింది 3 రూపాయల చిల్లర. మిగతాదాంట్లో సింహభాగం వడ్డీ వ్యాపారులదే. ఇది దేశం మొత్తం లెక్క. అంటే ఆంధ్రా బ్యాంకు పుట్టి దాదాపు ముప్ఫయ్యేళ్ళయినా, తాకట్టు పెట్టడానికి సెంటు భూమిలేని కౌలుదారుకి, కూలికి బ్యాంకు గడప అందని ద్రాక్షే. పట్టాభిగారి తరం పొదుపుకు చోటు చూపించింది. అప్పును బీదవాడి దాకా తీసుకెళ్ళే పని తర్వాతి తరాలకు మిగిలిపోయింది. అది నేటికీ పూర్తి కాలేదు.

స్వాతంత్ర్యం తర్వాత 1948లో పట్టాభిగారు కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. ఆ పదవిలో వుండగానే, 1956లో ప్రభుత్వం జీవిత బీమాను జాతీయం చేసింది. 245 సంస్థల్ని కలిపి జీవిత బీమా సంస్థను ఏర్పరిచారు, ఆయన పెంచిన బీమా వ్యాపారం కూడా అందులో లీనమైంది. 1959 డిసెంబరు 17న ఆయన కన్నుమూశారు. 1964లో భారతలక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసింది. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయి, ఆ పేరే లేకుండా పోయింది. తెలుగువాళ్ళం బాధపడ్డాం, బాధపడాల్సిందే. కాని ఆ బాధలో ఒక సంగతి మరిచిపోకూడదు. బోర్డు మారింది గాని ఆ బ్యాంకులో దాచుకున్నవాడికి ఒక్క పైసా పోలేదు. వ్యవస్థ అంటే అదీ.

ఇక మన సంగతి. మా బంధువుల్లో ఒకాయన రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో పెద్ద భాగం ఒక డిపాజిట్ల కంపెనీలో వేశారు. వచ్చి అడిగిన ఏజెంటు తెలిసినవాడు, మన వూరివాడు, వడ్డీ బ్యాంకుకు రెట్టింపు. కంపెనీ ఆ సొమ్ముతో ఏం చేస్తుందో ఆయన అడగలేదు. రెండేళ్ళు వడ్డీ వచ్చింది, మూడో ఏడు ఆఫీసుకు తాళం పడింది. వందేళ్ళు గడిచినా మనం ఇంకా ముఖం చూసే డబ్బు ఇస్తున్నామనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మన తరానికి కొత్త ముఖాలు వచ్చాయి. సెల్‌ఫోనులో కనబడి, నెలలో డబ్బు రెట్టింపవుతుందని చెప్పే ముఖాలు. ఫ్యూచర్సు, ఆప్షన్ల బేరాల్లో దిగిన మామూలు మదుపరుల్లో, 2024 మార్చితో ముగిసిన మూడేళ్ళలో, నూటికి 93 మంది నష్టపోయారని సెబీ లెక్కతేల్చింది. మనిషికి సగటున పోయింది సుమారు 2 లక్షల రూపాయలు. ఆ 93 మందిలో మనలాంటి కుర్రకారు చాలామందే వున్నారు.

దీన్నిబట్టి షేర్ల జోలికే పోవద్దని నేననడం లేదు. అసలు ఆంధ్రా బ్యాంకే వాటాలమ్మి పుట్టింది. బ్యాంకులో వేసినదానికి 6 రూపాయలు వడ్డీ వచ్చి, ధరలు కూడా 6 శాతం పెరిగితే, ఏడాది చివర మనకు మిగిలింది సున్నా. కాబట్టి కొంత డబ్బు పరిశ్రమల వాటాల్లో, నెలనెలా కొంచెంగా, ఏళ్ళ తరబడి వుంచడం తెలివైన పనే. కాని పునాది ముందు, మేడ తర్వాత. ఆర్నెల్ల ఖర్చుకు సరిపడా డబ్బు బ్యాంకులో వుండాలి. సంపాదించే మనిషికి బీమా వుండాలి. ఆ తర్వాతే మిగతావి. పట్టాభిగారు కట్టుకుంటూ వచ్చిన వరసా ఇంచుమించు అదే.

ఎవరికి డబ్బిచ్చినా మూడు ప్రశ్నలు వేద్దాం. ఈ సొమ్ముతో వాళ్ళు ఏం చేస్తారు? వాళ్ళ లెక్కలు ఎవరు చూస్తారు? ఆ పెద్దమనిషి రేపు కనబడకపోతే నా డబ్బు ఎక్కడుంటుంది? బ్యాంకు డిపాజిటుకు నేడు మూడో ప్రశ్నకు జవాబుంది: 1960లో పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన తర్వాత, 1962లో మనిషికి 1,500 రూపాయల హామీతో మొదలైన డిపాజిట్ బీమా, 2020లో 5 లక్షలకు పెరిగింది. జవాబు లేని చోట ఎంత వడ్డీ ఇస్తామన్నా దణ్ణం పెట్టి వచ్చేద్దాం.

దేశ ఆర్థికస్థితి అంటే ఢిల్లీలో ఎవరో తేల్చే విషయమని మనం అనుకుంటాం. ఆ రోజు బందరులో పోగైన లక్ష రూపాయలు ఆకాశంలోంచి వూడిపడలేదు. పెట్టెల్లోంచి, బస్తాల కిందనుంచి, భయపడుతూ భయపడుతూ బయటికొచ్చిన మామూలు జనం డబ్బు అది. రేపు మన మొదటి జీతంలో మిగిలే నాలుగు రూపాయలు ఏ దారి పడతాయో, దేశం కూడా కొంతవరకు ఆ దారే పడుతుంది.