ఒక వంతెన కూలింది.. ఒక వంతెన నిలిచింది

రైళ్లు ఆగిపోయి దశాబ్దాలు గడిచినా ఇంగ్లండులోని స్మార్‌డేల్ లోయపై రాతి వంతెన చెక్కుచెదరలేదు. ఒకనాడు బొగ్గు బండ్లు సాగిన ఆ దారి నేడు పాదచారుల సొంతం. దానిని నిర్మించిన ఇంజినీరు సర్ థామస్ బౌచ్‌ను మాత్రం లోకం కూలిపోయిన మరో వంతెనతోనే గుర్తుంచుకుంది.

బౌచ్ 1822లో కంబర్లాండ్ ప్రాంతంలోని థర్స్‌బీ గ్రామంలో ఓడ కెప్టెన్ ఇంట జన్మించారు. పదిహేడేళ్ల ప్రాయంలోనే రైలుమార్గాల పనుల్లో అడుగుపెట్టారు. 1850లో స్కాట్లాండ్‌లోని ఫోర్త్ నదీముఖం వద్ద సరుకు దించకుండా వ్యాగన్లనే ఓడలోకి ఎక్కించి ఆవలి ఒడ్డుకు చేర్చే ఏర్పాటు చేశారు. తక్కువ ఖర్చుతో రైలుమార్గం వేయగల నేర్పరిగా పేరు గడించారు.

1858లో డర్హమ్ కౌంటీలోని హౌన్స్‌గిల్ లోయపై సుమారు 175 అడుగుల ఎత్తున ఇటుక వంతెన నిర్మించారు. అంతకుముందు అక్కడ వ్యాగన్లను లోయలోకి దించి, మళ్లీ అవతలి గట్టుకు లాగవలసి వచ్చేది. 1861లో ప్రారంభమైన మరో మార్గంలో స్మార్‌డేల్ వద్ద 14 కమానులతో, 90 అడుగుల ఎత్తున రాతి వంతెన లేపారు. డర్హమ్ కోక్ బొగ్గు పడమటి ఇనుప కొలిమిలకు ఈ దారినే చేరేది.

1878లో స్కాట్లాండ్‌లోని టే నదీముఖంపై దాదాపు రెండు మైళ్ల పొడవైన వంతెన ప్రారంభమైంది. మరుసటి ఏడాది బౌచ్‌కు సర్ బిరుదు దక్కింది. ఆ కీర్తి నెలల ముచ్చటే అయింది. 1879 డిసెంబరు 28 రాత్రి పెనుగాలికి వంతెన మధ్యభాగం రైలుతో సహా నీటిలో కూలింది. సుమారు 75 మంది మరణించారని నాడు అంచనా వేశారు. గాలి ఒత్తిడిని లెక్కలోకి తీసుకోలేదని, నిర్మాణంలోనూ నిర్వహణలోనూ లోపాలున్నాయని విచారణలో తేలింది. ప్రధాన బాధ్యత బౌచ్‌పైనే పడింది. ఫోర్త్ వంతెన పని చేజారింది. అవమానభారంతో కుంగిన ఆయన 1880 అక్టోబరు 30న, 58 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

స్మార్‌డేల్ మార్గంలో 1962లో రైళ్లు నిలిచిపోయాయి. శిథిలమవుతున్న వంతెనకు ఆ తరువాత ఒక ట్రస్టు మరమ్మతులు చేయించి, నడకదారిగా మార్చింది. చుట్టూ ఉన్న లోయ ప్రకృతి పరిరక్షణ ప్రాంతమైంది. హౌన్స్‌గిల్ వంతెనపై సైకిల్ యాత్రికులు సాగుతున్నారు. టే నదీముఖంలో 1887 నాటి కొత్త వంతెన పక్కన పాత వంతెన స్తంభాల మొదళ్లు నేటికీ నీటిపై కనిపిస్తూనే ఉన్నాయి.